కంటికి వ్రాసేది, చెవికి వ్రాసేది, చేతికి వ్రాసేది

(సాంస్కృతికోత్సవం రెండవనాటి సభలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమాకు, టెలివిజన్‌కు, రేడియోకు, వీడియో ఆటలకు స్క్రిప్టు ఎలా మారుతుందో చెప్పమని మన యువజన విభాగంవారు నన్ను అడిగారు. ఈ సంగతి తరగతిలో చెప్పగానే ఒక అమ్మాయి గబగబా అచ్చుల పట్టిక తీసింది. ఇంగ్లీషులో లిపికీ అదే మాట, నాటకం వ్రాసిన కాగితానికీ అదే మాట కదా! నిజానికి మన దగ్గర ఈ రెండూ ముడిపడే ఉన్నాయి. మన నాటకాలలో వేషం వేసే పిల్లలలో సగం మందికి తెలుగు అక్షరాలు రావు. వారి పాత్రల మాటలు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి ఇస్తున్నాము. ఆ అక్షరాలలో 'కళ్ళు'కూ 'కల్లు'కూ తేడా ఉండదు. ఒక ఏడాది మన సావిత్రి, సత్యవంతుడి తల ఒడిలో పెట్టుకొని, ఏడుస్తూ, "స్వామీ, కల్లు తెరవండి" అన్నది. పెద్దలంతా పకపకా నవ్వారు. ఎందుకు నవ్వారో ఆ పిల్లకు తెలియలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా తెలుగు కూడా రాత్రిబడి తెలుగే. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుండి ఈ డర్బన్ రేవుకు చేరిన తరువాత, యాభై ఏళ్ళపాటు వచ్చిన చెరకు తోటల కూలీలలో మా తాతగారు ఒకరు. ఆయన విశాఖపట్నం వైపు మాట మాట్లాడేవారు. నేను పుస్తకం మాట మాట్లాడుతున్నాను. మధ్యలో ఎక్కడో జారిపోయినది ఏమిటా అని వెతకడమే నా ఉపన్యాసం అనుకోండి.

స్క్రిప్టు అనేది చదువుకొని అలమరలో పెట్టే పుస్తకం వంటిది కాదు. ఇల్లు కట్టే మేస్త్రీ చేతిలో ఉండే పటం వంటిది. ఇల్లు లేచిన తరువాత పటాన్ని ఎవరూ చూడరు. వ్రాసేవారు మొదట అడగవలసినది ఏమిటంటే, ఈ పనిలో ఎవరెవరు ఎంత బరువు మోస్తారు, చివరికి మాట మీద పడే బరువు ఎంత అని. ఆ లెక్క తేలితే తక్కిన తేడాలన్నీ అందులోంచే వస్తాయి.

మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ఘట్టం ఒకటి తీసుకుందాము. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి భోజనం. ఇది 1957 నాటి చిత్రం. దర్శకులు కె.వి.రెడ్డిగారు, రచన పింగళి నాగేంద్రరావుగారు, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లేగారు. 1990 ప్రాంతంలో మా ఇంటికి ఈ సినిమా వీడియో క్యాసెట్‌గా వచ్చింది. తెలుగు ముక్క రాని ఇరుగుపొరుగు పిల్లలు కూడా ఆ భోజనం దగ్గర విరగబడి నవ్వారు. వంటకాలు వాటంతట అవే లేచి నోట్లోకి పోతూ ఉంటే భాషతో పనేమిటి? రచయిత కాగితం మీద వ్రాయవలసినవి నాలుగు సంగతులు: వంటలు వడ్డించి ఉండడం, తలుపులు మూతపడడం, వంటలు తరగడం, ఒళ్ళు పెరగడం. మిగిలిన బరువంతా కెమెరా మోసింది, మాధవపెద్ది సత్యంగారి గొంతు మోసింది, ఎస్.వి.రంగారావుగారి కనుబొమలు మోశాయి. అదే పింగళివారు, మాట పైకి రావలసిన చోట 'అసమదీయులు', 'తసమదీయులు' అని లేని మాటలనే పుట్టించి రాక్షసుల నోట పెట్టారు. ఎక్కడ ఊరుకోవాలో తెలిసినవాడే మాట పుట్టించగలడని నా అభిప్రాయం.

సినిమా స్క్రిప్టుకు ఇంకొక పగ్గం ఉన్నది, అది కొలత. ఫిల్ము మీద తీసిన రోజులలో సెకనుకు 24 బొమ్మలు, నిమిషానికి 90 అడుగులు. ఒక్కొక్క అడుగుకూ డబ్బు. కె.వి.రెడ్డిగారు చిత్రీకరణకు ముందే సన్నివేశాలు చదివించి, గడియారం పట్టి, ఏ దృశ్యం ఎంత నిడివి రావాలో నిర్ణయించుకునేవారట. మన సభ నాటకాలు ఆరు గంటలకు మొదలై పదకొండుకు ముగుస్తున్నాయి. మనకు కూడా ఒక గడియారం కొంటే బాగుండునని కోశాధికారిగారికి ఈ సభాముఖంగా మనవి చేస్తున్నాను.

తెలుగు సినిమా పుట్టినప్పుడు దానికి తనదంటూ స్క్రిప్టు లేదు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. అది రంగస్థలం మీద ఆడుతున్న నాటకమే. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజంవారి నటులే అందులో వేషాలు కట్టారు. నాటకంలో చివరి వరుసవాడికి వినిపించాలి గనుక మాట బిగ్గరగా, నిండుగా ఉంటుంది. ఆ వాసన మన సినిమాను చాలాకాలం వదలలేదు. అందుకే తెలుగు సినిమా పేర్లలో 'కథ', 'చిత్రానువాదం', 'మాటలు', 'పాటలు' అని వేరువేరుగా పడతాయి. ఇంగ్లీషు సినిమాలలో మాటలకు విడిగా ఒక పేరు పడడం అరుదు. మనవారు మాటకు అంత పీట వేశారు. అయినా, నేను చూసినంతవరకు, సినిమా ఈ దేశంలో మనకు పాటలు నేర్పింది గాని మాట నేర్పలేదు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ మూడు గంటలు కూర్చున్న పిల్లవాడు బయటికి వచ్చి, తెలుగులో ఒక్క వాక్యం కూడా అనలేడు. బొమ్మ బరువు మోస్తుంటే చెవి నిద్రపోతుంది.

ఇక రేడియో సంగతి. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను, పెద్దలు మన్నించాలి.

రేడియో కోసమే వ్రాసిన తొలి నాటకాలలో ఒకటి 1924 జనవరిలో బి.బి.సి.లో వచ్చింది. వ్రాసినవారు రిచర్డ్ హ్యూస్. కథ బొగ్గుగనిలో జరుగుతుంది. దీపాలు ఆరిపోతాయి. పాత్రలకూ ఏమీ కనబడదు, వినేవారికీ ఏమీ కనబడదు. ఇద్దరూ ఒకే చీకటిలో ఉన్నారు. కంటికి అందని లోటును కథలోనే కలిపేసుకున్న ఆ ఉపాయానికి నేను ఇప్పటికీ మురిసిపోతాను.

మన దేశంలో రేడియో నాటకానికి ఎక్కువ ఆయుర్దాయం దక్కింది. కారణం మీకు తెలిసినదే. ప్రభుత్వం పట్టుబట్టి టెలివిజన్‌ను ఆపింది. 1976 జనవరి 5 వరకు ఇక్కడ దేశమంతటికీ టెలివిజన్ ప్రసారం లేదు. అందుచేత 1950 నుండి 1985 వరకు నడిచిన స్ప్రింగ్‌బాక్ రేడియోలో సాయంకాలపు ధారావాహికలే మా చిన్ననాటి సినిమాలు. ఆ కథలలో మన ముఖం లేదు, మన మాట లేదు. అయినా, అడుగుల చప్పుడు వింటే మెట్లు కనిపించేవి. 1983లో రేడియో లోటస్ వచ్చిన తరువాత మన తెలుగు మాట ఈ దేశపు రేడియోలో మనకోసం వినిపించింది. అక్కడ విజయవాడలో 1948లో ఆకాశవాణి కేంద్రం పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నాటకం కోసం వీధులు ఖాళీ అయ్యేవని అక్కడి నుండి వచ్చిన పెద్దలు చెబుతుంటారు.

ఇప్పుడు ఘటోత్కచుడి భోజనాన్ని రేడియోకు వ్రాయండి చూద్దాము. మా తరగతిలో ఒకడు ఇలా వ్రాశాడు: "ఆహా, నేను ఇప్పుడు లడ్డూ తింటున్నాను. ఇప్పుడు అప్పడం తింటున్నాను." నోటినిండా లడ్డూ ఉన్నవాడు లడ్డూ తింటున్నానని ఎలా అంటాడు? తరువాత అందరం కలిసి తలుపు బయట ఇద్దరు వంటవాళ్ళను నిలబెట్టాము.

"ఒరేయ్, లోపల ఏమిటా చప్పుడు?"

"గాలికి ఆకులు కదులుతున్నాయి మామా."

"గాలికి ఆకులు కదిలితే కదులుతాయి, అప్పడాలు కరకరలాడతాయా?"

"గారెల గంగాళం... మామా, దొర్లింది!"

"దొర్లితే దొర్లింది. చప్పుడు చూస్తే ఖాళీ గంగాళం లాగుందేమిట్రా?"

ఇంతే. తినేవాడు ఒక్క మాట మాట్లాడలేదు. విన్నవాడు మాత్రం తన ఘటోత్కచుణ్ణి తానే పెంచుకుంటాడు.

ఇందులో ఒక చిన్న సంగతి గమనించండి. రేడియోలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియడం కష్టం. ఇంగ్లీషువారు మాటిమాటికీ పేరు పెట్టి పిలిపిస్తారు. మన భాషలో ఆ అవసరం చాలావరకు లేదు. 'మామా' అంటే మేనల్లుడో అల్లుడో, 'ఒరేయ్' అంటే పెద్దవాడు చిన్నవాడితో, 'ఏమండీ' అంటే చాలా ఇళ్ళలో భార్య భర్తతో, 'వదినా' అంటే ఇక చెప్పనక్కర లేదు. 'వచ్చాడు', 'వచ్చింది', 'వచ్చారు' అన్న ఒక్క క్రియ చివర ఆడా మగా, మన్నన ఉందా లేదా, అన్నీ వినిపిస్తాయి. తెలుగు వ్యాకరణం రేడియోకు సగం పని చేసి పెడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఈ క్రియాంతాలు నల్లబల్ల మీద వ్రాసి పిల్లలను విసిగించాను. రేడియో స్క్రిప్టు చేతికి ఇచ్చిన తరువాత వారే అడగడం మొదలుపెట్టారు: "టీచర్, ఈమెకు కోపం వచ్చింది కదా, 'రండి' అనాలా, 'రా' అనాలా?" అని.

కాగితం సంగతులు కూడా కొన్ని చెబుతాను, పనికివస్తాయి. రేడియో స్క్రిప్టు కాగితానికి ఒకవైపే వ్రాయాలి, పిన్ను గుచ్చకూడదు. పుట తిప్పిన చప్పుడు మైకులో అడవిమంట లాగా వినిపిస్తుంది. వాక్యం ఒక పుట చివర విరగకూడదు. ఎవరైనా పాత్ర చాలాసేపు మాట్లాడకపోతే, వినేవారు ఆ మనిషి వెళ్ళిపోయాడనుకుంటారు. కనీసం ఒక దగ్గు వ్రాయాలి. ఇక నిశ్శబ్దం. దానినీ స్క్రిప్టులో వ్రాసే పెట్టాలి, లేకపోతే మన పిల్లలు దానిని ఎవరో మాట మరచిపోయారనుకొని అందిస్తారు.

టెలివిజన్ గురించి క్లుప్తంగా చెబుతాను. 1975 ఆగస్టు నుండి ఒక ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా భారతదేశంలో ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు చూపారు. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అంటే మన తాతలు వదిలి వచ్చిన రాష్ట్రంలోని కొన్ని మారుమూల పల్లెలు, ఈ దేశమంతటికీ టెలివిజన్ ప్రసారం రాకముందే తెర చూశాయన్నమాట! ఇది చెబితే మా పిల్లలు నమ్మరు.

టెలివిజన్ స్క్రిప్టులో పాత పద్ధతి ఒకటి ఉన్నది. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది వ్రాస్తారు. తెర చిన్నది గనుక ముఖాలే ముఖ్యం, సైన్యాలు పట్టవు. ప్రకటనల కోసం కథ మధ్య మధ్య ఆగాలి. ఆగిన చోటల్లా రేపటిదాకా మనిషిని పట్టి ఉంచే కొక్కెం ఒకటి తగిలించాలి. అంతకంటే ముఖ్యమైనది ఏమిటంటే, సినిమా చీకటి హాలులో చూస్తాము, టెలివిజన్ వంటింట్లోంచి వింటాము. కోడలు తలుపు దగ్గర నిలబడి ఉన్నదని బొమ్మలో కనిపిస్తున్నా, అత్తగారు "తలుపు దగ్గర నిలబడ్డావేం?" అని అడుగుతుంది. దీనిని చూసి చదువుకున్నవారు వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. పోపు వేస్తున్న మనిషి కోసం వ్రాసిన మాట అది. సీరియల్ సగం రేడియోయే. ఇక్కడ మన ఇళ్ళలో ఉపగ్రహ చానళ్ళలో తెలుగు సీరియళ్ళు చూసే అమ్మలకు సినిమాలు మాత్రమే చూసేవారికన్నా నాలుగు మాటలు ఎక్కువ వచ్చాయంటే, దానికి ఇదే కారణమని నా అనుమానం. ఏడుపులు కొంచెం తగ్గిస్తే ఇంకా సంతోషం.

ఆటలు. ఈ మాట వినగానే తల్లిదండ్రుల ముఖాలు మారడం నాకు వేదిక మీద నుండి కనిపిస్తున్నది. ఒక్క అయిదు నిమిషాలు ఓపిక పట్టండి.

ఇక్కడ టెలివిజన్ వచ్చిన 1976 ప్రాంతంలోనే అమెరికాలో విల్ క్రౌథర్ అనే ఆయన కంప్యూటరు మీద ఒక గుహ ఆట తయారుచేశారు. బొమ్మలు లేవు. అన్నీ మాటలే. కంప్యూటరు "నీ ముందు ఇది ఉన్నది" అంటుంది, ఆడేవారు "ఉత్తరం వైపు పో" అని మాటలు వ్రాస్తారు. తన కూతుళ్ళు ఆడుకోవాలని కూడా ఆయన దానిని చేశారట. రేడియో నాటకం బొగ్గుగని చీకటిలో నడిచింది, ఈ ఆట గుహ చీకటిలో నడిచింది. చీకటి ఉన్న చోట మాటకు పని దొరుకుతుంది.

అయితే తేడా ఒకటే, అది చాలా పెద్దది. సినిమా, రేడియో, టెలివిజన్ మూడింటిలోనూ వ్రాసినవాడు ఏమంటే అదే జరుగుతుంది. ఆటలో ఎదుటివాడి చేతిలో మీట ఉన్నది. వాడు మన ఘటోత్కచుణ్ణి భోజనశాలకు తీసుకుపోకుండా తోటలో తిప్పుతూ కూర్చుంటే? రచయిత దానికీ సిద్ధంగా ఉండాలి. నేను లెక్కల పంతులుగా కూడా పనిచేశాను గనుక చెబుతున్నాను: ఒక్కొక్క చోట మూడు దారులు పెట్టి, ఏవీ కలవకుండా పోతే, అయిదవ మలుపుకు 243 కథలు అవుతాయి. ఏ మనిషీ వ్రాయలేడు. అందుకని గోదావరి ఒక లంక చుట్టూ చీలి, కిందకు పోయి మళ్ళీ కలిసినట్టు, దారులను విడదీసి మళ్ళీ కలుపుతారు. అలా కలిపినా అవి మహాగ్రంథాలే. సినిమా స్క్రిప్టు సుమారు నూట ఇరవై పుటలు. 2019లో వచ్చిన 'డిస్కో ఎలీసియం' అనే ఆటలో పది లక్షల మాటలున్నాయని లెక్క చెబుతారు. ఆ స్క్రిప్టు కథలాగా సాగదు. గళ్ళు గీసిన పద్దు పుస్తకం లాగా ఉంటుంది: తాళంచెవి దొరికి ఉంటే ఈ మాట, దొరకకపోతే ఆ మాట, రెండవసారి వస్తే ఇంకొక మాట.

మా తరగతిలో పెద్ద పిల్లలు నలుగురు ఇటువంటి ఆట ఒకటి తెలుగులో మొదలుపెట్టారు. రాక్షసులు లేరు, తుపాకులు లేవు. మనవడో మనవరాలో చెరకు తోట దగ్గరి పాత ఇంటికి వస్తారు. గుమ్మంలో అవ్వ ఉంటుంది. "ఎవరూ? తిన్నావా?" అంటుంది. ఆడేవారికి మూడు జవాబులు: "తిన్నాను అవ్వా, నువ్వు తిన్నావా?", "తిన్నాను, మీరు తిన్నారా?", లేదా "ఊఁ".

ఈ ఒక్క చోటే వారు రెండు శనివారాలు కొట్లాడుకున్నారు. ఒకడి ఇంట్లో అవ్వను 'నువ్వు' అంటారు, ఇంకొకరి ఇంట్లో 'మీరు' అనకపోతే చెంప పగులుతుంది. చివరికి రెండూ సరైనవేనని ఒప్పుకున్నారు. 'మీరు' అంటే ఈ అవ్వ, "నేనేమైనా కొత్తదాన్నా, మీరంటున్నావు?" అని నవ్వుతుంది. 'ఊఁ' అంటే, "ఊఁ అంటే తిన్నట్టా, తిననట్టా?" అని మళ్ళీ అడుగుతుంది. అలా అడిగే మాట పదిరకాలుగా వ్రాసి పెట్టాలి, ఒకే మాట అయిదుసార్లు వస్తే ఆడేవారు విసిగి లేచిపోతారు. నిజం అవ్వ దగ్గర నుండి అలా లేచిపోవడం కుదరదు, అది వేరే సంగతి.

తెలుగు ఇక్కడ కొంత ఇబ్బంది కూడా పెడుతుంది. ఇంగ్లీషులో ఆడేవారి పేరు ఖాళీలో వేస్తే వాక్యం నిలుస్తుంది. మనకు పేరు చివర 'కి', 'కు', 'ని', 'తో' అతకాలి, అతికిన చోట పేరే మారుతుంది. రాముడు అన్నవాడు 'రాముణ్ణి' అవుతాడు. ఆడేది అబ్బాయో అమ్మాయో తెలియకపోతే, 'వచ్చాడు', 'వచ్చింది' రెండూ రికార్డు చేయాలి. ఎదురుగా మాట్లాడితే 'వచ్చావు' ఒక్కటి చాలు. కాబట్టి అవ్వ చేత ఎప్పుడూ ముఖాముఖి మాట్లాడిస్తున్నాము, పక్కవారితో మనవడి గురించి చెప్పనివ్వడం లేదు. వ్యాకరణం కథ నడిపిస్తున్నది చూడండి! సినిమా చూస్తూ నోరు మూసుకొని కూర్చునే పిల్లవాడే, ఇక్కడ జవాబు చెప్పకపోతే గుమ్మం దాటలేడు. నేను ఈ ఆటను సమర్థించడానికి ఈ ఒక్క కారణం చాలు.

బడులలో భారతీయ భాషలకు 1984లో చోటు దొరికింది. 1996 రాజ్యాంగంలో తెలుగు పేరు కూడా వ్రాశారు. రెండూ గొప్ప సంగతులే. కాని ఆ ఆటకు నాకు కావలసిన మాట పాఠ్యపుస్తకంలో లేదు. మా తాతగారు అన్నట్టు 'తిన్నావా' అనే గొంతు కావాలి. నేను అంటే బడి పంతులు అన్నట్టు ఉంటుంది. పిల్లలే ఆ మాట నా ముఖం మీద చెప్పారు. పోయిన ఉగాదికి ముగ్గురు అవ్వలు గొంతు ఇస్తామని ఒప్పుకున్నారు. వారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. మూడవ ఆమెకు తొంభై ఒకటి. ఆమె మాటలు నలభై నిమిషాలు రికార్డు చేశాము.

ఈ సంవత్సరం మొదట వంటవాళ్ళ రేడియో నాటకం, తరువాత ఆట. రెండు స్క్రిప్టులూ బయట పుస్తకాల బల్ల మీద ఉన్నాయి. తెలుగు అక్షరాలలోనే వ్రాశాము, పెద్ద అక్షరాలు, ఒకవైపు మాత్రమే. వంటవాళ్ళకు మనుషులు దొరికారు. ఆటకు ఇంకా ఇద్దరు అవ్వలు, ఒక తాత కావాలి. చదవడం రాకపోయినా ఏమీ ఫరవాలేదు. సంగతి నేను పక్కన కూర్చొని చెబుతాను, వారు వారి ఇంటి మాటలో అంటే చాలు, స్క్రిప్టునే దానికి తగినట్టు మార్చుకుంటాము. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఈ హాలు వెనుక గదిలో రికార్డింగు. మెట్లు ఎక్కలేనివారి ఇంటికి పిల్లలే మైకు పట్టుకొని వస్తారు.